గడప దాటిన సామలు

జూన్ పన్నెండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం మామిడికాయ పప్పుతో కడుపునిండా తిన్న కైలాసం సాయంత్రం దాకా ఎవరితోనూ గొంతు పెంచలేదు. ఇప్పుడు పెంచాల్సి వచ్చింది.

"ధర గూడ అడగకపోతివి. మరి ఎట్ల తీసుకపోతవమ్మా?"

ఉస్మాన్‌గంజ్‌లోని అతని ధాన్యం దుకాణంలో, మూలనున్న సామల బస్తా మీద చెయ్యి వేసి లచ్చుబాయి నిలబడి ఉంది. ఆదిలాబాద్ గుట్టల మీది ఊరు ఆమెది. కూర్చోమంటే కూర్చోలేదు. ఇచ్చిన నీళ్లు మాత్రం తాగింది.

"విత్తనం కొనం సేటు. కొన్నది మొలవదని మా పెద్దల మాట. అడిగి తీసుకపోతం. పంటొచ్చినంక రెండింతలు తెచ్చిస్తం."

"ఇంకెక్కడా దొరుకుతలేవా?"

"రెండేండ్ల సంది ఊరంత పత్తే పెట్టినం. వానకు పైమన్ను కొట్టుకపోయింది, పత్తీ పోయింది. మళ్ల సామలే చల్లుదామంటే ఏ ఇంట్ల గుప్పెడు లేవు. ఇవి మా గుట్ట మీదియే, పత్తికి ముందు నువ్వే కొంటివి. మొన్న వాన పడ్డది. రెండ్రోజులల్ల చల్లకుంటే అదును పోతది. పన్నెండు ఇండ్లోళ్లు దున్నుకొని కూసున్నరు."

కైలాసం బస్తా వైపు చూశాడు. పొట్టు తీసే మిల్లుకు పంపడం మరిచిపోగా మిగిలిన ఒకే ఒక్క బస్తా.

"సరే, సగం తీసుకపో."

"ఆగు," అంది వెనక ఇంట్లోంచి వచ్చిన అతని తల్లి నాగమణమ్మ. శుక్రవారపు పట్టుచీర కట్టుకుని ఉంది. చేతిలో అగ్గిపెట్టె. "ఇప్పుడే దీపం పెట్టిన. దీపం పెట్టినంక ఊరికే ఏదీ గడప దాటదు. మీ బాపు ఉన్నప్పుడు పక్కింటోళ్లకు ఉప్పు గూడ ఇయ్యలే."

కైలాసం లచ్చుబాయి వైపు తిరిగాడు. "ఒక్క రూపాయి పెట్టు. అమ్మినట్టయితది."

"రూపాయి పెట్టినా కొన్నట్టే సేటు."

"పోనీ, ఆ రూపాయి నేనే గల్లాల ఏస్త."

"ఎవలేసినా కొన్నట్టే గదా."

కైలాసం నెత్తి గోక్కున్నాడు. "అట్లయితే పొద్దుగాల రా. నా చేతులతోటి కట్టిస్త."

"ఈ రాత్రి ఏడున్నరకు బస్సు. అది దొరికితేనే రేపు గుట్ట ఎక్కే బస్సు అందుతది. గా బస్సు వారానికి ఒక్కపారే."

లచ్చుబాయి ఖాళీ మూటగుడ్డను మడిచి చంకలో పెట్టుకుంది. బస్తా మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"చాలు తియ్యి మీ లొల్లి," నాగమణమ్మ కొడుకును కసిరింది. "హారతి చల్లారుతది. పోయి కండ్లకు అద్దుకో."

కైలాసం లోపలికి వెళ్లాడు. హారతి అద్దుకుని, దేవుడికి రెండు మాటలు చెప్పుకుని తిరిగొచ్చేసరికి లచ్చుబాయి లేదు. బస్తా సగానికి కుంగిపోయి ఉంది. నాగమణమ్మ వాకిట్లో నిలబడి బస్‌స్టేషన్ దారి వైపు చూస్తోంది.

"అమ్మా, ఎత్తుకపోయింది గదనే. నువ్వు ఈడనే ఉన్నవా?"

"ఉన్న."

"చూసుకుంట ఊకున్నవా?"

"ఎత్తుకపోతే మనం ఇచ్చినట్టు కాదు," అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. "ఆమె కొన్నట్టు గూడ కాదు."

కైలాసం సగం బస్తా దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కాసేపటికి ఇంకో సందేహం వచ్చింది.

"గంత మూట ఒక్కతే నెత్తి మీదికి ఎట్ల ఎత్తుకున్నదే?"

నాగమణమ్మ లోపలికొచ్చింది. ఆ రాత్రికి దుకాణం తలుపులు చప్పుడు కాకుండా మూసి, గడియ పెట్టి, ఇటు తిరిగింది. పట్టుచీర భుజం నిండా సామల పొట్టు.