అంటుకోని చుట్ట

చుట్ట మళ్ళీ విచ్చుకుంది.

బల్ల మీద పెట్టి అగ్గిపెట్టె అందుకునేలోపే పై ఆకు మెల్లగా లేచి, లోపలి పొగాకంతా కక్కేసింది. పుస్తకాల బైండరు దానికేసి గుడ్లురిమి చూశాడు.

"ఈ జిగురు మంచిది కాదు," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అనే సామెత ఈయన్ని చూశాకే పుట్టి ఉండాలి. ఆ చుట్టుపక్కల వీధుల్లో పుస్తకాలన్నిటికీ అట్టలు వేసిన మనిషి. వీపు ఊడిన నిఘంటువైనా సరే, ఆయన చేతిలో పడితే మళ్ళీ నిటారుగా నిలబడేది. దాంతో ఆయనకో సిద్ధాంతం ఏర్పడింది. లోకంలో అంటుకోనిదంటూ లేదు, తగిన జిగురు దొరక్కపోవడమే. విరిగిన పింగాణీ కప్పయినా, మాటలు మానేసిన అన్నదమ్ములైనా ఆయన లెక్కలో జిగురు సమస్యే. సొంత తమ్ముడితో మాటల్లేని సంగతి మాత్రం ఆ సిద్ధాంతంలోకి రాదు.

ఈమధ్యే ఊపిరితిత్తులు మొండికేస్తే ఆసుపత్రిలో పడుకుని వచ్చాడు. చుట్ట కావాలో ప్రాణం కావాలో తేల్చుకోమని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఇంకొకరైతే హడలిపోయేవారు. ఈయన బేరం మొదలుపెట్టాడు. రోజుకొకటి కాల్చుకోవచ్చా, పోనీ భోజనమయ్యాక సగం? డాక్టరు లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే భార్య వీధిలోని కొట్లన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చింది. మా ఆయనకు చుట్ట అమ్మినవాడి కొట్టు ముందు బైఠాయిస్తానని చెప్పింది. ఆవిడ అన్నంత పనీ చేస్తుందని అందరికీ తెలుసు. ఒక్కడూ అమ్మలేదు. అప్పుడు ఈ మహానుభావుడు ఆకు తెప్పించుకుని ఇంట్లోనే చుట్టుకుంటానని ప్రకటించాడు. రణరంగమవుతుందనుకున్నాడు గానీ, ఆవిడ ఇట్టే ఒప్పుకుంది.

"సరే. మీ చేత్తో చుట్టి, చక్కగా జిగురు పెట్టి అంటించండి. అది నిలబడితే కాల్చుకోండి. ఇంకొకరు చుట్టింది మాత్రం నోట పెట్టకూడదు."

ఈ మాత్రం దానికేనా అని ఆయన నవ్వాడు.

తీరా చూస్తే బైండింగుకు వాడే లై, అంటే మైదా జిగురు, పనికిరాలేదు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది నోట్లోకి వెళితే చుట్ట చేయాల్సిన పని మధ్యాహ్నానికల్లా చేసేస్తుంది. తుత్తం లేకుండా మైదా కాచి చూడమని భార్యే చెప్పింది. చుట్ట ఆరగానే విచ్చుకుంది. తుమ్మబంక నానబెట్టమంది. అది ఎండి పెళుసై ఆకుతో సహా చిట్లింది. గుడ్డులోని తెల్లసొన నీచు వాసన కొట్టింది. ఎవరో చెప్పారంటూ ఆపిల్ తొక్కలు ఉడికించి రసం వడకట్టి ఇచ్చింది. అది ఆయన వేళ్ళకూ మీసానికీ అంటుకుంది గానీ చుట్టకు అంటుకోలేదు.

పనితనంలో మాత్రం లోపం లేదనే ఆయన నమ్మకం. తడి తగిలితే అట్ట ఉబ్బుతుంది కదా, అందుకని పొగాకును గలగలమనేదాకా ఎండబెట్టాడు. ఆవిడ మధ్యాహ్నం డాబా ఎక్కి ఆకుల్ని రెండోవైపు తిప్పి వచ్చేది.

పక్కింటి కాంపౌండరు చూడ్డానికి వచ్చి, దారంతో కట్టెయ్యరాదా అన్నాడు. బైండరుకు రోషం వచ్చింది. దారంతో కట్టడానికి అదేమైనా పచారీ పొట్లమా అని అడిగాడు. పోనీ కాగితంలో చుట్టుకోమంటే, అలా చుడితే సిగరెట్టవుతుందనీ, అది తన స్థాయికి తగదనీ అన్నాడు. మెట్టు మెట్టుకూ ఆగి రొప్పే మనిషికి ఇంకా స్థాయి ఒకటి!

అంతలో లోపలినుంచి భార్య వచ్చింది.

"చుట్టమైనా వస్తే రెండురోజులుంటాడు. ఈయన చుట్ట రెండు నిమిషాలుండదు," అంది.

కాంపౌండరు నవ్వాపుకోలేకపోయాడు. బైండరు చెవులు ఎర్రబడ్డాయి.

ఆ రోజునుంచి ఆవిడ నోటికి అదుపు లేకుండా పోయింది. మాటలు కోటలు దాటుతున్నాయి, చుట్ట మాత్రం బల్ల దాటడం లేదంది. పాలవాడికి చెప్పి నవ్వింది, ఇస్త్రీ అతనికి చెప్పి నవ్వింది. చావు తప్పి ఇంటికొచ్చిన మొగుణ్ణి అలా పొడుచుకు తినడమేమిటని కాంపౌండరుకు బాధేసింది. ఆ ఇల్లాలికి జాలనేది లేదని తన భార్యతో చెప్పుకున్నాడు. ఆ మాట బైండరు భార్య చెవిన పడింది. పడనిమ్మని ఊరుకుంది.

ఇవాళ చుట్ట మళ్ళీ విచ్చుకోవడంతో బైండరు సహనం చచ్చిపోయింది. జిగురు గిన్నెను అవతలికి తోసేశాడు.

"కల్తీ లోకమే ఇది. ఆకు ఆకు కాదు, జిగురు జిగురు కాదు. నాకీ చుట్టే వద్దు, పో. జన్మలో ముట్టను."

వీధిలోకి వెళ్ళి కాంపౌండరును పిలిచి మరీ చెప్పాడు. డాక్టరుకు భయపడి మానలేదనీ, పెళ్ళానికి భయపడి అసలే కాదనీ, సరైన జిగురు దొరక్క మానేశాననీ అందరూ గుర్తుంచుకోవాలట. ఓడిపోవడంలో కూడా ఇంత దర్జా ఒలకబోసేవాణ్ణి మళ్ళీ చూడం. చెప్పవలసినవాళ్ళందరికీ చెప్పి, తల ఎగరేసుకుంటూ వచ్చి పడకగదిలోకి వెళ్ళి పడుకున్నాడు.

భార్య బల్ల తుడిచింది. గిన్నెకు అంటిన జిగురును గీకి కడిగింది.

ఆయన గురక మొదలయ్యాక, దగ్గి దగ్గి పోయిన తన తండ్రికి చిన్నప్పుడు రోజూ చుట్టలు చుట్టిపెట్టిన ఆవిడ, మిగిలిన ఆకుల్లో ఒకదాన్ని తడిగుడ్డలో ఉంచి మెత్తబరిచి, ఏ జిగురూ లేకుండా ఒక్క దొర్లింపులో బిగువైన చుట్ట చుట్టి, దాన్ని ఒకసారి చూసుకుని, నలిపి చెత్తబుట్టలో వేసింది.