పరగడుపు

"ఉగ్గాని తిండెట్లయితాది? బొరుగులు గాలితో సమానం" అన్నాడు వీరేష్.

తిండేనంది భాగ్య. ఎమ్మిగనూరులో బస్సెక్కినప్పుడు మొదలైన మొగుడూపెళ్లాల తగవు ఆదోని ఆస్పత్రి మెట్లెక్కినా తెగలేదు. గొంతులోంచి గొట్టం వేసి కడుపు చూస్తాం, పరగడుపున రమ్మని డాక్టరు చెప్పడం ఇది మూడోసారి. మొదటిసారి మరిచిపోయి టీ తాగానన్నాడు వీరేష్. రెండోసారి అరటిపండు. ఇప్పుడు ఉగ్గాని, నంజుకోవడానికి రెండు మిరపకాయ బజ్జీలు.

వీరేష్ వాళ్ల నాయన కడుపు క్యాన్సర్‌తోనే పోయాడు. ఇప్పుడు ఇతనికి మంట, పులితేన్పులు. రక్తసంబంధంలో ఆ జబ్బుండి, పైగా ఉప్పు పచ్చళ్లు, బీడీలు, కడుపులో పుండు కూడా ఉంటే ఆలస్యం చేయకూడదని డాక్టరు విడమరిచి చెప్పాడు. వీరేష్ అన్నింటికీ బుద్ధిగా తలూపాడు. గొట్టం మాట వింటే మాత్రం అతనికి ఆకలవుతుంది.

"నువ్వు పస్తుండాలని రాత్రి నుంచి నేనూ ఏం ముట్టలేదు" అంది భాగ్య.

"నిన్ను తినొద్దన్న్యానా?"

ఉగ్గాని సంగతి వినగానే డాక్టరు చీటీ పక్కన పెట్టి వీరేష్‌ను బయటికి పంపేశాడు. భాగ్య లోపలే ఉండిపోయింది. గంటయినా రాలేదు. కొత్త తేదీ కోసం బతిమాలుతున్నట్టుందని వీరేష్ బెంచీ మీద కూర్చుని దిగులుపడ్డాడు. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కోపమే కదా, తగ్గుతుందిలే అనుకున్నాడు.

పది రోజుల తర్వాత భాగ్య ఒక్కతే ఆదోని పోయి వచ్చింది. ఆ సాయంత్రం మగ్గం ఆపమని అతన్నీ, అత్త తిప్పమ్మనూ, కూతురు మంజునూ పిలిచి కూర్చోబెట్టి అన్నాలు వడ్డించింది. వీరేష్‌కు విషయం అర్థమైంది. అడగకముందే, ఈసారి నిజంగా పస్తుంటానని తల్లి ముందర ఒప్పుకున్నాడు.

భాగ్య అందరికీ మజ్జిగ పోసింది.

"బుధవారం కర్నూల్లో ఆపరేషను. మొదట్లోనే దొరికిందంట. కడుపులో కొంత తీసేస్తే బతుకుతారంట. వస్తామని చెప్పొచ్చినా."

వీరేష్ ముద్ద కంచంలో పెట్టేశాడు. "చూడకుండానే నాకు క్యాన్సరని ఎట్ల చెప్పినారు?"

"నీకు కాదు. నిన్ను బయటికి పంపినంక, ఏడాదిగా నాకూ నొప్పి ఉండాదని చెప్పినా. గొట్టం నాకు ఏసినారు."