పాత సంతకం

సంతకం కలవలేదంటూ బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమస్తా రెండో ఫారం కూడా అద్దం కింద నుంచి వెనక్కి తోసేశాడు. ఇక ఒక్క ఫారమే ఇస్తాడట. అదీ తప్పితే ఫైలు మూసేస్తాడట, నెలన్నర తర్వాత మళ్లీ మొదటి నుంచీ రావాలట. అతని భాష కిటికీ ముందు నిలబడ్డ ముగ్గురిలో ఆమెకొక్కదానికే వచ్చు. విన్నది విన్నట్టు తెలుగులో చెప్పింది.

ఆమె భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. పాత బండే అయినా ఇంజను బాగుంది, నడిపి చూసుకునే కొన్నాడు. కానీ రేపు పొద్దున ఎనిమిదింటికి బండి తన పేరున ఉన్న కాగితం చూపిస్తేనే మందుల కంపెనీలో డెలివరీ ఉద్యోగం. చూపించకపోతే ఆ ఉద్యోగం కోసం వెనకాల పదిమంది కాచుకుని ఉన్నారు. బండి అమ్మిన వెల్డర్ బాబాయికేమో రేపు మధ్యాహ్నం విమానం. పరాయి దేశంలో పని ఇక చాలనుకుని సొంత ఊరికి వెళ్లిపోతున్నాడు. మళ్లీ వచ్చేది లేదు.

గోడ గడియారంలో మూడుంబావు. నాలుగింటికి కిటికీ మూసేస్తారు.

"పాస్‌పోర్టులో సంతకంతో కలిసింది కదా, అది చూసుకోమను," అన్నాడు భర్త.

ఆమె అడిగింది. పాస్‌పోర్టు తమ శాఖ వ్యవహారం కాదని, ఎనిమిదేళ్ల కిందట బాబాయి బండి కొన్నప్పుడు ఫారం మీద పెట్టిన సంతకమే తమకి కావాలని గుమస్తా చెప్పాడు. కోపం లేదు, విసుగు లేదు. రేపు వాన పడుతుందని చెబుతున్నట్టు చెప్పాడు. ఆమెకి అందుకే ఎక్కువ భయం వేసింది. అరిచే మనిషినైతే కాస్త బతిమాలుకోవచ్చు.

అతను ఆ పాత ఫారాన్ని అద్దానికి ఆనించి చూపించాడు. పొందికైన సంతకం. మొదటి అక్షరం గుండ్రంగా, మధ్యలో చిన్న మెలిక, కింద ఎక్కడా వణకని గీత. ఇవాళ బాబాయి పెట్టినవి రెండూ కంచెకి చుట్టిన ఇనప తీగల్లా ఉన్నాయి.

ఆమె టోకెన్ చీటీ వెనక ఆ సంతకాన్ని చూసి గీసుకుంది. బాబాయిని బెంచీ మీద కూర్చోబెట్టి, తన సంచిలోంచి పాత కవరొకటి తీసి ఒళ్లో పెట్టింది. ఆయన పెన్నుని గునపంలా పట్టుకున్నాడు. వేళ్ల నిండా కాలిన మచ్చలు, కణుపుల దగ్గర కాయలు కాసిన చర్మం. మొదటి అక్షరం ఎలాగో వచ్చింది. మెలిక దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగుసుకుపోయింది.

"అంత గట్టిగా లాగకండి బాబాయ్. జడ అల్లినట్టు వదులుగా రావాలి."

"నాకు జడలల్లడం ఎక్కడొచ్చే తల్లీ," అని ఆయన మళ్లీ మొదలుపెట్టాడు.

భర్త బెంచీకీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాడు. మనిషన్నవాడు సొంత సంతకం మర్చిపోవడమేమిటని ఆమె చెవిలో గొణిగాడు. టోకెన్ చీటీ చూసి, "నువ్వు గీసింది అచ్చం అలాగే ఉంది. నువ్వే పెట్టేయకూడదూ?" అన్నాడు. బాబాయే ఆ గుమస్తా కళ్లెదుట పెట్టాలని ఆమె గుర్తుచేసి, కాసేపు ఎక్కడైనా కదలకుండా కూర్చోమంది.

బాబాయి మూడుసార్లు రాసి, లేచి వెళ్లి పాత ఫారం మళ్లీ చూపించమన్నాడు. గుమస్తా చూపించాడు. వచ్చి రెండుసార్లు రాసి మళ్లీ వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ అద్దానికి మొహం ఆనించి నిలబడిపోతున్నాడు. నాలుగోసారి ఆమే వెళ్లి మోచెయ్యి పట్టుకుని తీసుకురావాల్సి వచ్చింది.

"ఇంతసేపు చూసినవాడికి నిద్రలో లేపినా రావాలి," అన్నాడు భర్త, ఆయనకి వినబడేలాగే. బాబాయి మళ్లీ మొదటి అక్షరం దిద్దడం మొదలుపెట్టాడు.

నాలుగింటికి పది నిమిషాలుందనగా కవరు మీద ఖాళీ అయిపోయింది. చివరి మూలలో పడిన సంతకం మాత్రం ఫరవాలేదనిపించింది. గుండ్రం కుదిరింది, మెలిక వదులైంది. ఆ ఊపు పోకముందే ఆమె ఆయన్ని కిటికీ దగ్గరికి నడిపించింది.

గుమస్తా మూడో ఫారం జరిపాడు. బాబాయి చొక్కాకి చెయ్యి తుడుచుకుని, పెన్ను తీసుకుని, ఒక్కొక్క వంపూ ఊపిరి బిగబట్టి గీశాడు. భర్త కళ్లు మూసుకున్నాడు. గుమస్తా రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి, కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి చూశాడు. తర్వాత ముద్ర చప్పుడు వినిపించింది.

బండి కాగితం బయటికి రాగానే భర్త రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

గుమస్తా పాత ఫారం మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టాడు. బండి చేతులు మారాక పాతది ఉంచకూడదట. కుర్చీ తిప్పి, కాగితాలు ముక్కలు చేసే యంత్రం మీట నొక్కాడు.

బాబాయి అద్దం కింది సందులోంచి మోచేతి దాకా చెయ్యి దూర్చి ఆ ఫారం అంచు పట్టేసుకున్నాడు.

గుమస్తా మొదటిసారి గొంతు పెంచాడు. ఈయనకేం కావాలో చెప్పమని ఆమెని నిలదీశాడు. పనైపోయింది కదా, ఆ చెత్త కాగితంతో మనకేం పని అంటూ భర్త బాబాయి భుజం పట్టి లాగాడు. ఆయన వదల్లేదు.

"ఏం చెప్పమంటారు బాబాయ్?" అంది ఆమె.

"ముక్కలు చెయ్యొద్దని చెప్పమ్మా. పేరే నాది, ఆ సంతకం పెట్టింది మీ పిన్ని. ఆవిడ పోయాక, ఆవిడ చేత్తో రాసింది ఇదొక్కటే మిగిలింది."