చెప్పకుండ పోవద్దు

"నేనియ్యాల నీళ్లల్లకు దిగను," అని సాంసన్ ఒడ్డు మీదే చతికిలబడ్డాడు.

వీపు మీది గాలి సిలిండర్ పట్టీలు బిగించుకుంటున్న కుమార్ పకపకా నవ్వాడు. "ఇన్నేండ్ల సంది గోదారిల మునుగుకుంట, తేలుకుంట బతుకుతున్నవ్. ఫోన్ల బొమ్మను జూసి జడుసుకున్నవా అన్నా?"

నిన్న సాయంత్రం షెడ్డులో కుమార్ ఫోన్ చుట్టూ ముగ్గురూ చేరి చూసిన సినిమా అది. సముద్రంలో మునిగిన ఇద్దరు డైవర్లను మరిచిపోయి పడవ వెళ్లిపోతుంది. సొరచేప కనబడినప్పుడల్లా కుమార్ ఈల వేశాడు. పడవ నడిపే చాంద్యా దుప్పటి ముసుగేసుకుని సందులోంచి చూశాడు. సాంసన్‌కు మాత్రం సొరచేపలు ఒక లెక్కలోవి కావు. ఆ ఇద్దరూ పైకి తేలి చూసేసరికి పడవ లేని నీళ్లు కనిపించాయి చూడండి, అక్కడ అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పట్నుంచి కళ్లు మూసినా అవే నీళ్లు.

"గది సముద్రం, గిది గోదారి," అన్నాడు కుమార్. "వాళ్లకున్నది ఒక్కటే పడవ, గందుకే ఆగమైన్రు. మనకు రెండున్నయి. ఒకటి పోతే ఇంకోటి ఉండదా? లే, లే."

లేవక తప్పదు. మహదేవపూర్ అవతల వంతెన స్తంభాలు నీటి అడుగున ఎక్కడెక్కడ పగిలాయో చూసి చెప్పడం వాళ్ల పని. అందుకోసమే వంతెన మీద బండ్లు, మనుషులు అన్నీ బంద్ చేశారు. ఎగువన ఒకటే వానలు. సాయంత్రం సైరన్ మోగిందంటే పైనున్న ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నట్టే. ఆ తర్వాత ఆ నీళ్లలో ఎంత గజ ఈతగాడైనా నిలవలేడు.

సాంసన్ లేచి చాంద్యా చెయ్యి పట్టుకున్నాడు. చాంద్యా భార్య తుల్సీబాయికి నెలలు నిండి, మహబూబాబాద్ దవాఖానలో చేర్చారు. ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియదు.

"దవాఖాన నుంచి ఫోనొస్తే నన్ను నీళ్లల్లనే ఇడిసిపెట్టి ఉరుకుతవేమోరా తమ్మీ!"

"అట్లెట్ల పోత అన్నా? ఒకవేళ పోవాల్సొస్తే చెప్పే పోత. నువ్వు కుమారన్న పడవెక్కి రావచ్చు."

"ఒట్టెయ్యి. చెప్పకుండ పోవద్దు."

"పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు. చెప్పకుండ పోను."

అప్పటికి గానీ సాంసన్ తన సిలిండర్ అందుకోలేదు.

"పోతున్నమే అవ్వా!" అని కుమార్ షెడ్డు వైపు తిరిగి కేకేశాడు. వంట చేసే మణెమ్మ చేతిలో గరిటెతోనే బయటికి ఉరికొచ్చింది.

"నీ నోట్ల మన్నువడ! నీళ్లల్లకు దిగేటోళ్లు పోతున్నం అంటరారా? వస్తం అనుండ్రి!"

"వస్తమే అవ్వా, వస్తం!" అన్నారు ముగ్గురూ నవ్వుతూ. సాంసన్ కూడా నవ్వాడు.

కుమార్ రెండో పడవలో అటు పక్క స్తంభానికి వెళ్లాడు. సాంసన్ నది నడుమ స్తంభం దగ్గర దిగాడు. దిగాడు, చూశాడు, పైకొచ్చాడు. వచ్చిన ప్రతిసారీ చాంద్యా పడవ అక్కడే ఉంది. మూడు ఝాములూ ఇలాగే గడిచేసరికి తన పిరికితనానికి తనకే సిగ్గేసింది.

పొద్దు వాలుతుండగా సాంసన్ స్తంభం చుట్టూ ఉన్న సిమెంటు గట్టు మీద కూర్చుని, మునిగేటప్పుడు పెట్టుకునే కళ్లద్దం తుడుచుకుంటున్నాడు. కొంచెం దూరంలో చాంద్యా పడవలో లేచి నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఇంజను మోతలో, గాలిలో మాటలన్నీ చెదిరిపోయాయి. చివరిది మాత్రం చెవిన పడింది.

"...వస్తనే అన్నా!"

"ఆ, మంచిది తమ్మీ!" అని సాంసన్ కూడా చెయ్యెత్తాడు.

ఎక్కించుకోవడానికి వస్తున్నాడు. వచ్చేలోపు ఆ ఆఖరి పగులు కూడా చూసేస్తే రేపటికి పని మిగలదు. సాంసన్ మళ్లీ మునిగాడు.

పైకి తేలేసరికి పడవ లేదు.

అవే నీళ్లు. సినిమాలో చూసిన నీళ్లే. గట్టు ఎక్కి అటు చూశాడు, ఇటు చూశాడు. కుమార్ పడవా లేదు. ఎక్కడో దూరంగా షెడ్డున్న ఒడ్డున రెండు పడవలూ పక్కపక్కన కట్టేసి ఉన్నాయి. చాంద్యా పడవ ఒడ్డుకు పోవడం చూసి, సాంసన్ కూడా అందులోనే ఉన్నాడనుకుని కుమార్ వెళ్లిపోయి ఉంటాడు. షెడ్డు దగ్గరుండే జీపు అప్పటికే దుమ్ము లేపుకుంటూ రోడ్డు మీద దూరంగా పోతోంది. గొంతు పగిలేలా అరిచాడు. వంతెన మీద వినడానికి ఒక్క మనిషి లేడు. సిలిండర్‌లో గాలి అడుగంటింది. ఫోన్ చాంద్యా పడవలోని సంచిలో ఉంది.

సైరన్ మోగింది.

నీళ్లు పాదాలు తడిపాయి. చూస్తుండగానే మోకాళ్లకొచ్చాయి. ఎర్రటి నీళ్లలో దుంగలు దొర్లుకుంటూ పోతున్నాయి. అయినా సాంసన్ స్తంభాన్ని కరుచుకుని ఒడ్డు వైపే చూస్తున్నాడు. డీజిల్ అయిపోయిందేమో. నింపుకుని వస్తాడు. బిడ్డ మీద ఒట్టేసిన మనిషి రాకుండా ఎట్లా ఉంటాడు?

నీళ్లు నడుము దాటాయి.

"వస్తనన్నడు," అని పైకే అనుకున్నాడు, గుండె చిక్కబట్టుకోవడానికి. ఆ మాట తన నోటితో తనే అన్నాక మణెమ్మ గరిటె కళ్ల ముందు కదిలింది. నీళ్లల్లో ఉన్న మనిషితో ఎవరు మాత్రం 'పోతున్న' అంటారు?

చాంద్యా ఒట్టు తప్పలేదు. చెప్పే పోయాడు.