గొర్రె బొమ్మ

"ఏమ్మే, గొర్రెలు గీసేదానికా మా పాపను ఈడికి పంపేది?"

ఆదినారాయణ విసిరిన డ్రాయింగ్ పుస్తకం హెడ్మాస్టర్ బల్ల మీంచి జారి నాగలక్ష్మి కాళ్ల దగ్గర పడింది. జమ్మలమడుగులోని ఆ ప్రైవేటు స్కూల్లో ఆమె డ్రాయింగ్ టీచరుగా చేరి రెండు నెలలు కూడా కాలేదు. ఆదినారాయణ పక్కన అతని మనవరాలు రాధిక బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. మూడో తరగతి పిల్ల.

"మీ ఇండ్లల్లో ఉండే జీవాల్ని చూసి గీసుకరమ్మన్నా సార్. ఒక్క పాపకే కాదు, క్లాసులో అందరికీ చెప్పినా" అంది నాగలక్ష్మి.

"లెక్కల్లో పదికి రెండొచ్చినాయి దీనికి. రేప్పొద్దున డాక్టరు కావాల్సిన పిల్లకు గొర్రెలోళ్ల పని నేర్పిస్తాండావు!"

హెడ్మాస్టర్ షఫీ లేచి నిలబడ్డాడు. "అన్నా, కూచో. టీ తెప్పిస్తా."

"నీ టీ ఎవురికి కావల్లప్పా? ఈ పొద్దే ఈయమ్మను పంపించు. లేదంటే మా ఊరి పిల్లోళ్లు నలభై మంది రేపట్నుంచి నీ బస్సెక్కరు."

షఫీ మొహం పాలిపోయింది. నాగలక్ష్మి వైపు తిరిగాడు. "తప్పయిందని చెప్పమ్మా."

"తప్పయింది సార్" వెంటనే అనేసింది నాగలక్ష్మి. "ఈ ఉద్యోగం నాకు శానా అవసరం. తీసెయ్యొద్దండి."

"అవసరమైతే పని నేర్చుకోని రావల్ల." ఆదినారాయణ కింద పడిన పుస్తకం తీసి, పేజీ తెరిచి ఆమె మొహానికి అడ్డంగా పెట్టాడు. "ఇది గొర్రెనా? ఆ చెవి చూడు, ఎలకలు కొరికినట్టుంది. చెవి గీసేది నేర్పను రాదు, నువ్వొక టీచరు!"

రాధికకు రోషం వచ్చింది. "నేను చూసే గీసినా తాతా! మన దొడ్లో పెద్ద గొర్రెలన్నిటికీ ఎడం చెవికి రెండు గాట్లుండాయి. పిల్లలకే లేవు. నువ్వెప్పుడన్నా చూసినావా?"

షఫీ నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. ఆదినారాయణకు ఇంకా మండింది.

"గొర్రె చెవులు చూసుకుంటా కూచునేదానికి నాకేం పనిలేదా?"

"అవి మీ గొర్రెలేనా సార్?" నాగలక్ష్మి అడిగింది.

"నావి గాక మీ నాయనవా? నోర్మూసుకోని బయటికి నడువు."

నాగలక్ష్మి పుస్తకం అందుకుంది. ఆ బొమ్మను కాసేపు చూసింది. ఫోన్ తీసి ఫోటో తీసుకుని, పుస్తకాన్ని రాధిక చేతిలో పెట్టింది.

"పోతాండా సార్. నాకీ ఉద్యోగం ఇంక అవసరం లేదు."

షఫీ నోరు తెరిచాడు. "ఇప్పుడే గదమ్మా శానా అవసరమంటివి!"

"చూసినావా పొగరు!" ఆదినారాయణ పెద్దగా నవ్వాడు. "ఏం చూసి టీచరు కావాలనిపించింది తల్లీ నీకి?"

నాగలక్ష్మి గడప దగ్గర ఆగింది.

"రెండేండ్ల కింద చక్రాయపేట దావలో మా నాయన్ను చంపి గొర్రెల్ని తోలకపోయినారు. ఒంటి మీద రంగు గుర్తు ఎవురైనా మార్చేస్తారని మేం చెవికి రెండు గాట్లు పెడతాం. ఊరూరా తిరిగి అడిగితే పెద్దోళ్లు చూడలేదన్నారు. పిల్లోళ్లయితే చూసింది చూసినట్టు గీస్తారని టీచరయినా."

ఆదినారాయణ నవ్వు ఆగిపోయింది.

"ప్రొద్దుటూర్లో మూడు స్కూళ్లు, పులివెందుల్లో రెండు. ఇది ఆరోది."