నాలుగొందల మంది అంకుల్స్

“అంకుల్, మీరు నిరుద్యోగి కాదు” అన్నాడు ఎబెన్.

సోఫాలో పడుకున్న ఆనందబాబు లేచి కూర్చున్నాడు. “కాంట్రాక్ట్ పోయి నాలుగు నెలలైంది. నేను కాకపోతే ఇంకెవర్రా?”

“మీరు వెతకట్లేదు కదా. వెతికి, దొరక్కపోతేనే నిరుద్యోగి. ఊరికే కూర్చుంటే లెక్కలోకే రారు.”

“ఉద్యోగం లేదనిపించుకోడానిక్కూడా అర్హత కావాలన్నమాట” అని ఆనందబాబు మళ్ళీ పడుకున్నాడు.

ఎబెన్‌కు మాత్రం అది మార్కుల సంగతి. పరాయి దేశంలో, గంగాలిన్‌లోని ఆ ఇంట్లో గది అద్దెకు తీసుకుని అతను యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదువుతున్నాడు. ఈసారి క్లాసులో ప్రిడిక్షన్ మార్కెట్, అంటే జోస్యాల పందెం, పెట్టారు. ఈ నెల నిరుద్యోగం రేటు పెరుగుతుందా, పెరగదా? ఎవరికి తోచిన వైపు వాళ్ళు మార్కులు ఒడ్డాలి. క్లాసంతా ‘పెరగదు’ కొన్నారు. అడిగే దిక్కులేక ‘పెరుగుతుంది’ కారుచౌకగా పడి ఉంటే, ఎబెన్ తన మార్కులన్నీ పెట్టి దాన్ని కొన్నాడు. పెరిగితే పాస్. లేదంటే సబ్జెక్టు మళ్ళీ చదవాలి, ఫీజు మళ్ళీ కట్టాలి, ఆ ముక్క ఏలూరులో నాన్నకు ఫోన్ చేసి చెప్పాలి.

ఇంతలో ఉత్తరం వచ్చింది. నిరుద్యోగం రేటు లెక్కగట్టే సర్కారు సర్వేకు ఈ ఇంటినే ఎంచుకున్నారట. వచ్చేవారం ఇంట్లో ఎవరెవరు ఏం పనిచేశారో, ఆ పై సోమవారం ఫోన్ చేసి అడుగుతారు. సర్వేలో ఒక్కో మనిషి కొన్ని వందలమందితో సమానమని లెక్చరర్ కరోలిన్ చెప్పింది. ఎబెన్ నాలుగు వందలు వేసుకున్నాడు. అంటే సోఫాలో ఉన్నది ఒక్క అంకుల్ కాదు. నాలుగొందల మంది అంకుల్స్ లుంగీలు కట్టుకుని, నాలుగొందల సోఫాల్లో, లెక్కకు అందకుండా పడుకుని ఉన్నారు.

“అప్లికేషన్లు నేను రాస్తా అంకుల్. మీరు సెండ్ నొక్కండి చాలు.”

అంకుల్ వెతకాలి. కానీ దొరక్కూడదు. అందుకని చచ్చినా రాని ఉద్యోగాలే ఏరాడు ఎబెన్. బాలే డాన్స్ టీచరు. గొర్రెల ఉన్ని కత్తిరించే పని. పాముల పార్కులో పాములకు మేత పెట్టే పని.

“పాములేంట్రా? మీ ఆంటీ బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కుద్ది!”

“ఉద్యోగం మీకు అంకుల్, ఆంటీకి కాదు.”

మూడోరోజుకు ఆనందబాబు పొద్దున్నే గడ్డం గీసుకుని ప్యాంటు వేసుకోవడం మొదలుపెట్టాడు. “ఫోన్ వస్తే? లుంగీలో ఉంటే గొంతులో తెలిసిపోద్ది” అన్నాడు. ఆయన భార్య సుగుణకుమారి ఎబెన్ కంచంలో ఇంకో చేపముక్క వేసింది. భోజనాలయ్యాక కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది.

“ప్రభువా, ఈ వారమే ఆయనకు పని దొరికేలా చెయ్యి.”

“వచ్చేవారం తర్వాతైతే బావుంటుంది” అన్నాడు ఎబెన్.

“ఏంటి నాన్నా?”

“ఆమెన్ అన్నానాంటీ.”

సర్వే వారం నాలుగు రోజులు ప్రశాంతంగా గడిచింది. రోజూ రెండు మూడు చోట్ల నుంచి ‘సారీ’ అని వచ్చేది. చదివిన ప్రతిసారీ ఆనందబాబు కాసేపు కిటికీలోంచి రోడ్డు చూసేవాడు. ఎబెన్ అటు చూసేవాడు కాదు.

శుక్రవారం ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసి ఆనందబాబు కేకేశాడు.

“ఒరేయ్ ఎబెన్! లాలీపాప్ మ్యాన్ రా! స్కూలు ముందు స్టాప్ బోర్డు పట్టుకుని పిల్లల్ని దాటించాలి. మొన్న నేనే వెళ్ళి అడిగొచ్చా. సండే స్కూల్లో పిల్లలకు చెప్పడానికి తీసిన పోలీసు చెకింగ్ కార్డు ఉందిగా, అది చాలంట. ఇవాళ ఆర్వో, అదే మధ్యాహ్నం, వన్ అవర్!”

“వద్దంకుల్! వారంలో ఒక్క గంట పనిచేసినా ఉద్యోగస్తుడే!”

“ఒక్క గంటకేనా?” ఆనందబాబు ముఖం వెలిగిపోయింది. “అదేదో ముందే చెప్పొచ్చుగా. ఈ చొక్కా కాస్త ఇస్త్రీ చెయ్యరా, నేను బూట్లు తుడుచుకుంటా.”

ఎబెన్ ఆ ముఖం వంక చూసి, ఇస్త్రీపెట్టె ప్లగ్ పెట్టాడు. నాలుగొందల చొక్కాలు ఇస్త్రీ చేసినట్టనిపించింది.

సోమవారం సర్వే ఫోన్ వచ్చింది. స్పీకర్లో పెట్టారు. ఎబెన్ శనివారాలు కూరగాయల షాపులో పనిచేస్తాడు కాబట్టి అతని సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయింది.

“సర్, పోయినవారం కనీసం ఒక గంట డబ్బులకు పనిచేశారా?”

ఆనందబాబు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “యెస్ మేడమ్. వన్ అవర్.”

నాలుగొందల మంది స్టాప్ బోర్డులు ఊపుకుంటూ వెళ్ళిపోయారు. ఏలూరుకు ఏమని చెప్పాలో ఎబెన్ మాటలు వెతుక్కోసాగాడు.

“ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?”

“మా మిసెస్. ఇంట్లోనే ఉంటుంది, ఏ ఉద్యోగమూ—”

“ఏవండీ, ఆ ఫోన్ ఇటివ్వండి” అంది సుగుణకుమారి. “ఐయామ్ లుకింగ్ ఫర్ జాబ్, మేడమ్. ముప్పై ఎనిమిది అప్లికేషన్లు పెట్టా. ఒకటి వచ్చింది. వచ్చే సోమవారం చేరాలి.”

“అయితే పోయినవారానికి మీరు నిరుద్యోగే” అంది అవతలి గొంతు.

ఎబెన్ ఎగిరి గంతేశాడు. ఆ నెల రేటు పెరిగింది, అతను పాసయ్యాడు, అది తర్వాతి సంగతి. ఫోన్ పెట్టగానే ఆనందబాబు భార్య వైపు తిరిగాడు.

“నువ్వెప్పుడు అప్లై చేశావ్ సుగుణా?”

“రోజూ మీకు సారీలొస్తుంటే చూళ్ళేకపోయానండీ. నాకూ నాలుగొస్తే మీకు తోడుగా ఉంటుంది కదా అని, ఎబెన్ రాసినవాట్లో మీ పేరు తీసి నా పేరు పెట్టి పంపా” అంటూ ఆమె కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుంది. “ఆ పాముల పార్కు వాళ్ళొక్కళ్ళే సారీ చెప్పలేదు.”