గడప దాటిన గుడ్లు

డెల్మీరా కాలేజీ మేడ మీది వరండాలో బల్ల మీద కూర్చుని, మూసి ఉన్న తలుపునే చూస్తోంది. ఒళ్లో గుడ్డ సంచీ. రెండు చేతులతో దాన్ని పొదివి పట్టుకుంది.

తలుపు వెనక ఇవానా ఆఖరి పరీక్ష ఇస్తోంది. లెక్కల్లో రియల్ అనాలిసిస్. ఇది గట్టెక్కితే డిగ్రీ చేతికొచ్చినట్టే. రాసే పరీక్ష కాదు, నోటితో చెప్పాలి. ముగ్గురు ప్రొఫెసర్లు ఎదురుగా కూర్చుంటారు. గుండ్రటి డబ్బాను గిరగిరా తిప్పితే అంకె వేసిన గోళీ ఒకటి బయట పడుతుంది. ఏ అంకె వస్తే ఆ పాఠంలోని సిద్ధాంతం నల్లబల్ల మీద నిరూపించాలి. పోయినసారి వచ్చిన గోళీ ఇవానాను ముంచింది. ఆ సాయంత్రం ఆ పిల్ల ఏడుస్తూ కూర్చుంటే డెల్మీరా మాంసం కూరిన ఎంపనాడాలు వేయించి పెట్టింది. చాలానే వేయించింది.

ఇక్కడ డిసెంబరంటే నడివేసవి, ఎండకు తుకుమాన్ ఊరంతా ఉడికిపోతోంది. కింద గేటు బయట పిల్లల గుంపు. చేతుల్లో పిండి పొట్లాలు, గుడ్ల అట్టలు. పాసై బయటికొచ్చిన వాళ్లను వాటితో ముంచెత్తితే గానీ ఇక్కడ ఇంటికి పంపరు.

లౌతారో మెట్లెక్కి వచ్చాడు. ఇవానాతో కలిసి చదువు మొదలుపెట్టి, నిరుడు పాసైన కుర్రాడు.

"డోన్యా డెల్మీరా, ఆ సంచీలో ఏంటి?"

"గుడ్లు."

లౌతారో నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "పరీక్ష అవకముందే లోపలికి తెచ్చేశారా? గుడ్డు గడప దాటితే గోళీ అడ్డం తిరుగుతుందంటారు కదండీ. అందుకేగా మేమంతా ఆ ఎండలో మాడి చస్తున్నాం."

"నాకేం తెలుసు నాయనా, ఆరో తరగతి చదివినదాన్ని."

"పోనీ ఉడకబెట్టి తేలేదు కదా? నా పరీక్షకి మా అత్త ఉడకబెట్టినవి తెచ్చింది. వారం రోజులు బొప్పి తగ్గలేదు. ఇటివ్వండి, కింద పెట్టొస్తా."

"ఉండనీ. మెట్ల మీద పడేస్తావు." సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మీరిలా వణికిపోతే ఎలా? ఈసారి దానికి ఢోకా లేదు. మీ వంటింట్లో పాఠాలు అప్పజెప్పి నేనూ గొంతు చించుకున్నవాణ్ణే, నాకు తెలీదా? అంతా నోటికొచ్చేసింది దానికి."

"నాకూ అలాగే అనిపిస్తోంది," అంది డెల్మీరా. తలుపు మీంచి చూపు తిప్పలేదు.

ఇవానాకు గోడకు చెప్పుకుంటే ఏదీ బుర్రకెక్కదు. ఎదురుగా మనిషి ఉండాలి. డెల్మీరా పిండి పిసుకుతూ వినేది. బల్లకు ఇటువైపు కూర్చుని ఇవానా చేతులు తిప్పుతూ చెప్పుకుపోయేది. కిటికీ పక్క కుర్చీలో మాత్రం ఎప్పుడూ కూర్చునేది కాదు. డెల్మీరాను పేరు పెట్టే పిలిచేది.

"విను డెల్మీ. ముందు నువ్వు కాదనేదాన్నే నిజం అనుకుంటావు. అనుకుని, అక్కణ్ణించి ఒక్కో అడుగూ వేసుకుంటూ పోతావు. చివరికి ఎక్కడో రెండు మాటలు పొసగవు. అప్పుడు, నువ్వు మొదట అనుకున్నదే అబద్ధమని తేలిపోతుంది."

"ఓస్, ఇంతేనా. పొద్దున్న లేచిన దగ్గర్నించీ నేను చేసేది అదేగా. బస్సు ఆలస్యమైతే బోల్తా కొట్టిందనుకుంటాను, జ్వరం వస్తే ఇంక దక్కరనుకుంటాను."

"అందుకే నువ్వు పుట్టు గణితజ్ఞురాలివి."

డెల్మీరా నవ్వింది. పిండి ముద్దను తిరగేసి, "మరి ఎంత దూరం పోయినా అన్నీ పొసిగిపోతే?" అంది.

ఇవానా పెన్సిలు కింద పెట్టేసింది. కిటికీ పక్క కుర్చీ వైపు ఒకసారి చూసింది.

ఇప్పుడు వరండాలో డెల్మీరా ఆ లెక్కే వేసుకుంది. జరగకూడనిది జరిగిపోయిందే అనుకుందాం. రేపు తెల్లారుతుంది. మాతే టీ కాచుకోవడానికి నీళ్లు పొయ్యి మీద పెడుతుంది. బల్ల తుడుస్తుంది. పిండి కలుపుతుంది. ఇంట్లో ఎవరూ పెదవి విప్పరు. ఎల్లుండీ అంతే. ఎంత దూరం పోయినా ఎక్కడా ఏదీ అడ్డం తగలలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, సంచీ మీద చెయ్యి వేసి, పేరున్న దేవతలందరికీ మొక్కుకుంది.

తలుపు తెరుచుకుంది.

ఇవానా గుమ్మంలో నిలబడింది. మోచేతి దాకా సుద్దపొడి. "తొమ్మిది ఇచ్చారు," అంది, తనకే నమ్మకం లేనట్టు. "పదికి తొమ్మిది, డెల్మీ."

లౌతారో కేక పెట్టి ఆమెను భుజానికెత్తుకుని మెట్లు దిగాడు. డెల్మీరా గోడ పట్టుకుని లేచింది. ఒక్కో మెట్టూ దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి ఇవానా జుట్టంతా పిండీ పచ్చసొనా అయిపోయింది.

"నువ్వు కొట్టవా?" అని తల వంచింది ఇవానా.

డెల్మీరా సంచీలోంచి ఒక గుడ్డు తీసింది. కొట్టలేదు. మాడు మీద మెల్లగా చిదిపి, పసిపిల్లకు తలంటినట్టు అరచేత్తో రాసింది. కన్నీళ్లు కారిపోతున్నాయి. ఆ గుంపులో ఎవరి కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి గనక? ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"ఇక నీ చెవులకు సెలవు డెల్మీ," అంది ఇవానా నవ్వుతూ.

"చూశారా, గోళీ అడ్డం తిరగలేదు," అన్నాడు లౌతారో. "తెలియక తెచ్చారని దేవుడు వదిలేశాడు."

డెల్మీరా తెలిసే తెచ్చింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చునే కూతురు రోసియోను మట్టిలో పెట్టి వచ్చాక, దాని బదులు వంటింటి బల్ల దగ్గర పాఠాలు అప్పజెప్పడానికి వచ్చిన తోటి పిల్లలంతా ఒక్కొక్కరే పాసై వెళ్లిపోగా, ఇవానా ఒక్కతే మిగిలింది.